ఆరడుగుల దూరము, ఊరవతలి దూరము



2020 మార్చి నెలాఖరున దేశమంతా తలుపులు మూసుకొన్నప్పుడు 'సామాజిక దూరం' అనే మాట మన ఇళ్లలోనికి వచ్చింది. వరంగల్‌లోనూ కిరాణా కొట్ల ముందు సున్నముతో గుండ్రాలు గీశారు. ఆ యేడు ఈస్టరు ఆరాధన కూడ ఇళ్లలోనే జరుపుకొన్నాము. ఆ మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఈ మాటకు బదులు 'భౌతిక దూరం' అనుట మేలని చెప్పింది. శరీరాలు ఎడముగా ఉన్నా మనుషులు ఎడము కారాదని దాని భావము.

ఆ రోజుల్లో చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మాస్కుల మీద తమ బొమ్మలు వేశారు. చేర్యాల 2016 వరకు మన వరంగల్ జిల్లాలోనిదే. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్నది. మాస్కుల సంగతి అలా ఉంచండి. ఈ చేతులు తరతరాలుగా గీస్తూ వచ్చిన పటాలలో దూరమును గురించిన మరొక పాఠమున్నది.

గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రని రంగు మీద కథంతా వరుసగా గీస్తారు. పటము గీసేవారు వేరు, దానిని ఊరూరా విప్పి కథ చెప్పేవారు వేరు. బొమ్మ, పాట, మాట, వాద్యము అన్నీ కలిసిన ప్రదర్శన అది. నేడు పట్టణాలలో మల్టీమీడియా అంటున్నది మన పల్లెలకు ఏనాటి నుండో తెలుసు. ఏ కులానికి ఆ కులపు కథ, ఆ కథకు వేరే కథకులు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణము, గొల్లలకు మందహెచ్చులవారు కాటమరాజు కథ, మాదిగలకు డక్కలివారు జాంబపురాణము చెప్పేవారు.

డక్కలివారి సంగతి వినండి. ఊరు మాదిగవాడను దూరముంచింది. ఆ వాడ తిరిగి డక్కలివారిని దూరముంచింది. వాడలోనికి రానివ్వక, బయటనే గుడిసె వేసుకొనమన్నది. వారు చెప్పే కథలో జాంబవుడు ఈ భూమికంటె ముందు పుట్టినవాడు, అందరికీ పెద్ద. ఆ పెద్దరికమును కిన్నెర మీటి పాడినవాడు మాత్రము అందరికంటె చివర నిలువవలసి వచ్చింది. పాట కావాలి, పాడినవాడు వద్దు! 2022లో ఆ కులపు కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్యగారికి పద్మశ్రీ ఇచ్చారు. సంతోషమే. అయితే వేదిక మీద శాలువా కప్పుట సులువు. పక్కన కూర్చుండబెట్టుకొని అన్నము తినుట వేరు.

దూరము పాటించుటకు కూడ కలిమి ఉండాలని 2020 మనకు చూపింది. ఒక్క గదిలో ఆరుగురు ఉండే ఇంట్లో ఆరడుగులు ఎక్కడ దొరుకుతవి? ఆ యేప్రిలులో, ములుగు జిల్లాకు మిరప కోతకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీలు బస్సులు లేక కాలినడకన బయలుదేరారు. వారిలో 12 ఏండ్ల బాలిక ఒకతె మూడు దినాలు నడిచి, ఇల్లు చేరువలో ఉండగానే కన్ను మూసింది. అన్నము పెట్టే చేతులు చాలా ఉన్న ఈ దేశములో ఆ పిల్ల నడవవలసి వచ్చింది.

సువార్తలలో పదిమంది కుష్ఠరోగులు దూరముగా నిలిచి కేకలు వేశారు. దగ్గరకు వచ్చుటకు వారికి అనుమతి లేదు. మరొకచోట ఒక కుష్ఠరోగి యేసుప్రభువు నొద్దకు వచ్చాడు. ప్రభువు మొదట చెయ్యి చాపి ముట్టాడు, ఆ తరువాత శుద్ధుడవు కమ్మన్నాడు. ఈ వరుసను గమనించండి. శుద్ధుడైన తరువాత ముట్టుట ఎవరైనా చేయగలరు. సమరయ స్త్రీ చేతి నీళ్లు అడిగినవాడు కూడ ఆయనే. యూదులు సమరయులతో పొత్తు పెట్టుకొనని కాలమది.

రోగమున్నప్పుడు ఎడముగా ఉండుట పొరుగువారి మీది ప్రేమ. రోగము పోయిన తరువాత కూడ మిగిలే దూరమునకు ఏ పేరు పెట్టుదాము? 1950లో వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణములో అంటరానితనమును రద్దు చేసింది. చట్టము మన వీధి గుమ్మము దాకా రాగలదు. వంటింటి అలమర దాకా రావలసినది మనస్సాక్షి.

కాబట్టి కుటుంబములకు ఈ నెల ఒక చిన్న పని. పని చేయు అమ్మ కోసము వేరుగా బోర్లించిన గ్లాసు మన అలమరలో ఉన్నదేమో చూద్దాము. పిల్లలకు సంబంధము చూచునప్పుడు బాప్తిస్మము సంగతి ముందు అడుగుచున్నామో, కులము సంగతి ముందు అడుగుచున్నామో ఆలోచించుదాము. సంఘపు సమాధుల తోటలో వరుసలు ఏ లెక్కన పడుచున్నవో పెద్దలు ఒకసారి నడిచి చూతురు గాక.

కొట్ల ముందరి సున్నపు గుండ్రాలను ఆ యేటి వానలే చెరిపివేశాయి. వానకు చెరగని గీతలను మన చేతులతోనే తుడిచివేయుదము. ప్రభువు అందుకు మనకు ధైర్యము దయచేయును గాక.