ఎడారి ఎండలో బిందుధార విద్యుత్తు

ఖతర్ ద్వీపకల్పపు ఉత్తరపు కొసన సముద్రాన్ని ఆనుకొని ఉన్న చిన్న రేవు పట్టణం అల్ రువైస్. దోహా నుండి అక్కడికి నూరు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం. ఒకవైపు ఉప్పుగాలి, మరొకవైపు ఎడారి వేడి. బడులకు సెలవులు వచ్చే జులై, ఆగస్టు నెలలలో గల్ఫులోని తెలుగు కుటుంబాలు అనేకం ఇళ్ళకు తాళాలు వేసి స్వదేశానికి బయలుదేరుతాయి. అటువంటి ఇంటి రేకుల షెడ్డులో ఒక మోటారు సైకిలు ఉన్నదనుకుందాము. రెండు నెలల తరువాత యజమాని తిరిగివచ్చి మీట నొక్కితే ‘టిక్కు’మన్న చప్పుడే తప్ప ఇంజను పలకదు. పూర్వపు బండ్లకు కిక్ ఉండేది. నాలుగు తన్నులతో పని జరిగేది. నేటి బండ్లలో అనేకం కిక్ లేకుండానే వస్తున్నాయి. ఇంధనాన్ని చిమ్మే యంత్రాంగానికి సైతం విద్యుత్తే ఆధారం కావడంతో బ్యాటరీ చచ్చిన బండి ఇనుప ముద్దతో సమానం.

దీనికి మిత్రులు చెప్పే విరుగుడు ఒక్కటే: ట్రికిల్ ఛార్జరు తగిలించి వెళ్ళడం. కొళాయి నుండి చుక్కచుక్కగా నీరు పడినట్లు, బ్యాటరీ కోల్పోయినంత విద్యుత్తును నెమ్మదిగా తిరిగి పోసే పరికరమిది. ఆలోచన మంచిదే. కాని తాళం వేసిన ఇంటిలో, అల్ రువైస్ వేసవిలో, ఇది సరియైన మందు కాదనే చెప్పవలసి ఉన్నది.

ముందు రోగమేమిటో చూడాలి. 1859లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే రూపొందించిన సీసపు బ్యాటరీయే, ఎన్నో మార్పులతో, నేటికీ అనేక మోటారు సైకిళ్ళలో ఉన్నది. ఆరు అరలు, నిండుగా ఉన్నప్పుడు ఒక్కొక్క అరకు 2.1 వోల్టులు, మొత్తం 12.6 పైచిలుకు. విద్యుత్తు ఖర్చవుతున్నకొద్దీ రెండు రకాల పలకల మీదా సీసపు సల్ఫేటు పేరుకొంటుంది. వెంటనే తిరిగి ఛార్జి చేస్తే అది కరుగుతుంది. వారాల తరబడి వదిలేస్తే గట్టి స్ఫటికాలుగా మారి పలకలను మూసివేస్తుంది. బ్యాటరీ ‘చచ్చిపోవడం’ అనే మాటకు అర్థం చాలావరకు ఇదే.

ఇక లెక్క. 10 ఆంపియర్-గంటల కొత్త బ్యాటరీని తీసుకుందాము. పక్కన పెట్టి ఉంచినా అది 25 డిగ్రీల వద్ద నెలకు సుమారు 4 శాతం తనంతట తానే కోల్పోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఈ నష్టం దాదాపు రెట్టింపవుతుంది. 45 డిగ్రీల షెడ్డులో నెలకు 16 శాతం. రెండు నెలలకు ఇంచుమించు 3 ఆంపియర్-గంటలు. (2010 జులైలో దోహాలో 50.4 డిగ్రీలు నమోదైన సంగతి గుర్తుంచుకుంటే, రేకుల కింద 45 అనడం ఎక్కువేమీ కాదు.) అయితే ఇది చిన్న దొంగ. పెద్ద దొంగ వేరే ఉన్నాడు. తాళంచెవి తీసిన తరువాత కూడా గడియారం, దొంగతనాల అలారం, ఇంజనును నడిపే చిన్న కంప్యూటరు నిద్రలోనే కొంత విద్యుత్తు తాగుతుంటాయి. అన్నీ కలిసి 5 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా, 60 రోజులకు 7.2 ఆంపియర్-గంటలు! రెండూ కలిపితే పదీ సరి.

కావున నెగటివు తీగను విప్పి, కొసకు గుడ్డ చుట్టి వెళితే పెద్ద దొంగ పూర్తిగా ఆగిపోతాడు. మిగిలిన దాదాపు 7 ఆంపియర్-గంటలతో, బ్యాటరీ ఆరోగ్యంగా ఉన్నదైతే, ఇంజను నిక్షేపంగా మేలుకొంటుంది. ఖర్చు ఒక స్పానరు తిప్పడమే. బ్యాటరీని విప్పి ఇంటిలోపలి చల్లని గదిలో పెట్టగలిగితే చిన్న దొంగ చేతులు కూడా సగం కట్టినట్లే.

ఛార్జరుతో ఏమవుతుంది? చౌకగా దొరికే పాతరకం ట్రికిల్ ఛార్జరులో ట్రాన్స్‌ఫార్మరు, డయోడు తప్ప ఆలోచించే భాగం ఉండదు. అది అర ఆంపియరు చొప్పున పోస్తూనే ఉంటే 60 రోజులకు 720 ఆంపియర్-గంటలు. పది లీటర్ల బిందెలో ఏడు వందల లీటర్లు పోసినట్లు. ఆ మిగులంతా నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్‌లుగా విడగొట్టడానికే పోతుంది. లెక్క ప్రకారం ఒక్కొక్క అరలో సుమారు 240 గ్రాముల నీరు విచ్ఛిన్నం కావాలి. అంత చిన్న అరలో అన్ని నీళ్ళు పట్టనే పట్టవు. ఆ ముందే పలకలు ఎండిపోతాయి. గాలిలో 4 శాతం చేరితేనే మండగల హైడ్రోజన్ మూసిన షెడ్డులో పోగవడం అదనపు ప్రమాదం.

నిండగానే తగ్గిపోయే తెలివైన ఛార్జర్లు ఉన్నాయి గదా అనవచ్చు. ఉన్నాయి, అవి ఎంతో మేలు. అవి 25 డిగ్రీల వద్ద సుమారు 13.6 వోల్టుల దగ్గర నిలిచిపోతాయి. కాని ఎండాకాలంలో పాలకు తోడు తగ్గించి వేయడం తెలుగు ఇల్లాలికి ఎవరూ నేర్పనక్కరలేదు. బ్యాటరీకీ అదే నియమం. వేడి పెరిగిన ప్రతి డిగ్రీకి వోల్టేజి సుమారు 20 మిల్లీవోల్టులు తగ్గాలి. 45 డిగ్రీల షెడ్డులో 13.2 చాలు. వేడిని కొలిచి తగ్గించుకొనే ఏర్పాటు లేని ఛార్జరు 13.6 వద్దే పట్టుబడితే సీలు వేసిన బ్యాటరీ లోలోపలే ఎండుతుంది. లిథియం బ్యాటరీ అయితే సంగతి మరీ వేరు. దానికి తగినదని స్పష్టంగా రాసి ఉన్న ఛార్జరే వాడాలి.

అల్ రువైస్‌లోనే ఉంటూ వారానికొకసారి మాత్రమే బండి తీసేవారికి ఛార్జరు వద్దనడం లేదు. బిగించే పద్ధతి కష్టమైనది కాదు. ఎర్ర తీగ రింగును ప్లస్ బోల్టుకు, నల్లదానిని మైనస్ బోల్టుకు బిగించాలి. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు అది చివర. లేనిచో ప్లస్ మీది స్పానరు చట్రానికి తగిలి నిప్పులు రాలుతాయి. ఎర్ర తీగ మీద ఫ్యూజు, బ్యాటరీకి జానెడు లోపుగానే ఉండాలి. ఎక్కువమంది విస్మరించేది దీనినే. తీగ సైలెన్సరుకు తగలకుండా, హ్యాండిలు తిరిగినప్పుడు నలగకుండా సీటు పక్కకు రావాలి. ఉప్పుగాలి ఊరు గనుక కనెక్టరుకు రబ్బరు మూత, బోల్టులకు కొద్దిగా వ్యాజలైను తప్పనిసరి.

నిజానికి ఈ పరికరానికి మరింత తగిన చోటు గుంటూరులోనో వరంగల్లులోనో ఉన్నది. కొడుకు ఖతర్‌లో, బండి ఇంటి వసారాలో. “నాన్నగారూ, వారానికొకసారి బండి స్టార్టు చేసి అయిదు నిమిషాలు ఉంచండి” అని ఫోనులో చెప్పడం రివాజు. డెబ్భై ఏళ్ళ పెద్దమనిషి ఎండలో నిలబడి చేసే ఈ సేవ వల్ల బ్యాటరీకి ఒరిగేది స్వల్పం. స్టార్టరు ఒక్కసారి గుంజే విద్యుత్తు తక్కువేమీ కాదు. నెమ్మదిగా తిరిగే ఇంజను తిరిగి ఇచ్చేది కొద్దిపాటి. పైగా భారతదేశంలో 2017 ఏప్రిల్ నుండి వచ్చిన కొత్త బండ్లకు ఇంజను తిరిగినంతసేపూ ముందుదీపం వెలుగుతూనే ఉంటుంది. ఆ వసారాలో గాలి ఆడుతుంది, నీడ ఉంటుంది, మనుషులు ఉంటారు. తెలివైన ఛార్జరు ఒకటి అక్కడ బిగించి వస్తే, నాన్నగారు చేయవలసినది కాఫీ తాగుతూ ఎర్రదీపం పచ్చగా మారిందో లేదో చూసి, స్విచ్చి ఆపడమే.