తోడుట వేరు, బాగుచేయుట వేరు

చేతిపని – జీవితము



తీరప్రాంతము నుండి ఒక సహోదరుడు ఈ నెల శీర్షికకు ఒక ప్రశ్న పంపాడు. ఆయన అప్పు చేసి, ఇదివరకే చేతులు మారిన పాత ఫైబర్ బోటు ఒకటి కొన్నాడు. లోపల డీజిలు ఇంజను, పైన నలుగురు తలదాచుకొనే చిన్న గది ఉన్నాయి. "రోజూ తెల్లవారుజామున బకెట్లతో నీరు తోడితే గాని బయలుదేరలేకపోతున్నాను. రంగు వేయించాను. అనుమానము వచ్చిన చోటల్లా సీలెంటు పూయించాను. నీరు ఆగలేదు. కరెంటు పంపు పెట్టిస్తే సరిపోతుందా అయ్యగారూ?" అని అడుగుతున్నాడు.

సహోదరుడా, పంపు తప్పక పెట్టించండి. అయితే పంపు పెట్టగానే బోటు బాగుపడినదని మాత్రము తలంచవద్దు. తోడుట వేరు, బాగుచేయుట వేరు. మెట్టప్రాంతపు పాఠకులు "మాకు బోట్లెక్కడివి" అని పేజీ తిప్పవద్దు. ఇంటి కప్పు కారినా, పొలములో పంపుసెట్టు కారినా వెదికే పద్ధతి ఇదే. కుటుంబము కారినా ఇదే.

యెహెజ్కేలు గ్రంథము 27వ అధ్యాయములో ప్రవక్త తూరు పట్టణమును ఒక గొప్ప ఓడతో పోల్చి చెప్పాడు. దాని పలకలు, స్తంభము, తెరచాప ఎక్కడెక్కడి నుండి వచ్చినవో వివరించి, దాని పగుళ్లను బాగుచేసే గెబలు పెద్దలను కూడ పేర్కొన్నాడు. అంత గొప్ప ఓడకు కూడ పగుళ్లు వచ్చేవన్నమాట. వాటిని పూడ్చే పని అనుభవమున్న పెద్దలదన్నమాట. కనుక పాత బోటు కారుతుందని సిగ్గుపడనక్కరలేదు. ఎక్కడ కారుతుందో తెలిసికొనకుండ రంగు పూయుటే పొరపాటు.

మొదట నీరు ఎక్కడిదో తెలిసికొనండి. బోటు అడుగున చేరిన నీటిని పారబోయక ముందే పరీక్షించండి. సముద్రములో తిరిగే బోటైతే, నూనె మరక లేని నీటిని వేలి కొనతో నాలుకకు తాకించి ఉమ్మివేయండి. ఉప్పగా ఉంటే సాధారణముగా అది అడుగు నుండో, ఇంజను గొట్టముల నుండో వచ్చినది. చప్పగా ఉంటే వాననీరు గాని, త్రాగునీటి ట్యాంకు కారుట గాని కావచ్చును. గోదావరి, కృష్ణ నీటిలో తిరిగే బోట్లకు ఈ రుచి పరీక్ష పనికిరాదు. వారు వాన లేని రోజులలో కూడ నీరు చేరుతుందా అని గమనించవలెను.

తరువాత అడుగంతా తోడి, పాత గుడ్డలతో పొడిగా తుడవండి. గొట్టములు బయటకు పోయే చోట్ల, బోల్టుల చుట్టు, అతుకుల వెంబడి ముగ్గుపిండి పలుచగా చల్లండి. నీరు వచ్చిన దారి ఆ తెల్లని పిండిలో గీతవలె కనబడుతుంది. ఒక కర్రకు గుర్తులు పెట్టి గంటకెంత నీరు చేరుతుందో కొలిచి వ్రాసికొనండి. మొదట ఇంజను ఆపి ఒక రాత్రి చూడండి. మరునాడు బోటును రేవులో తాళ్లతో గట్టిగా కట్టి, ఇంజను నడిపి, గేరు వేసి అరగంట చూడండి. ఇంజను నడిచినప్పుడే నీరు చేరితే తప్పు ఇరుసు దగ్గరనో, ఇంజనును చల్లబరచే గొట్టములలోనో, పొగగొట్టములోనో ఉంటుంది. ఎప్పుడూ చేరుతుంటే అడుగులోని పగులునో, కారే వాల్వునో వెదకవలెను.

ఇంజను ఇరుసు బోటు బయటకు వెళ్లి ఫ్యానును త్రిప్పే చోట గ్లాండు ఉంటుంది. పొలములోని పంపుకు ఉండే గ్లాండు వంటిదే. తాడు పేకింగు ఉన్న గ్లాండులో ఇరుసు తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడుట దోషము కాదు. ఆ చుక్కలే ఇరుసును చల్లగా ఉంచుతాయి. ఒక్క చుక్క కూడ రాకూడదని నట్టు బిగించేవారున్నారు. అప్పుడు తాడు కాలి, ఇరుసు గీతలు పడి, కారుట మరింత ఎక్కువగును. ఇంజను ఆపిన తరువాత కూడ ధార కారితే, బోటును ఒడ్డుకు లాగి పేకింగు మార్చండి. తాడును ఒకే పొడవుగా చుట్టక, ఒక్కొక్క చుట్టును విడిగా కోసి పెట్టవలెను. అతుకులు ఒకదానిమీద ఒకటి రాకుండ పక్కకు జరపవలెను.

నీటి మట్టమునకు దిగువన ఉన్న గొట్టములను చేతితో నొక్కి చూడండి. గట్టిబడి బీటలు వారినవి, మెత్తబడి ఉబ్బినవి మార్చవలసినవే. పట్టు చాలినంత పొడవున్న చోట రెండేసి స్టీలు క్లిప్పులు బిగించండి. ప్రతి వాల్వును నెలకొకసారి మూసి తెరవండి. మామూలు రోజున తిరగని వాల్వు ఆపద రోజున తిరగదు. ప్రతి వాల్వు ప్రక్కన, ఆ రంధ్రమునకు సరిపడు మెత్తని చెక్క బిరడా ఒకటి త్రాడుతో కట్టి ఉంచండి. గొట్టము ఊడిన వేళ ఆ బిరడాయే మీ ప్రాణము కాపాడవచ్చును.

ఇది భయపెట్టుటకు చెప్పే మాట కాదు. నీటి మట్టమునకు 2 అడుగుల దిగువన 2 అంగుళాల రంధ్రము పడితే, నిమిషానికి సుమారు 240 లీటర్ల నీరు లోపలికి వస్తుంది. 16 లీటర్ల బకెట్లతో లెక్కిస్తే నిమిషానికి 15 బకెట్లు. గంటకు 2,000 లీటర్లు తోడునని వ్రాసియున్న చిన్న పంపు నిమిషానికి 33 లీటర్లే తోడుతుంది. పంపు మనకు కొంత గడువు ఇస్తుంది, అంతే. ఆ గడువులో రంధ్రము మూయవలసినది మనమే.

గది పైనుండి కారే నీరు మరొక రకము. అది ఒకచోట దూరి, లోలోపల ప్రాకి, మరొకచోట చుక్కగా పడుతుంది. అందువలన చుక్క పడిన చోట పూసిన సీలెంటు వ్యర్థము. ఒకరు లోపల టార్చిలైటుతో కూర్చుండవలెను. ఇంకొకరు బయట క్రిందినుండి పైకి, ఒక్కొక్క చోట పది నిమిషాలు నీరు పోయవలెను. మొదట పైన పోస్తే నీరు అన్ని చోట్లకు జారి ఏమీ తేలదు. కిటికీ దగ్గర కారుతున్నదని తేలితే, చట్రము ఊడదీసి పాత సీలెంటును పూర్తిగా గీకివేసి, తుడిచి, ఆరనిచ్చి, క్రొత్తది వేయండి. పాతదాని మీద క్రొత్తది పూస్తే అంటదు. ముఖ్యముగా సిలికాను మరక మిగిలిన చోట మరేదియు సరిగా పట్టదు.

పై డెక్కును సుత్తి పిడితో తట్టి వినండి. మట్టి కుండను వ్రేలితో కొట్టి చూచి కొంటాము గదా, అలాగే. ఖంగున మ్రోగితే సాధారణముగా బాగున్నట్లు. మొద్దుగా పలికితే లోపలి చెక్క నాని కుళ్లియుండవచ్చును. బోల్టు రంధ్రముల గుండా దిగిన నీరే తరచుగా దీనికి కారణము. చెక్క గట్టిగా ఉన్న చోట బోల్టు తీసి, రంధ్రము పెద్దది చేసి, ఆరనిచ్చి, ఎపాక్సీతో నింపి, గట్టిపడిన తరువాత మరల సన్న రంధ్రము వేసి బిగిస్తే నీరు చెక్కను తాకదు. కుళ్లిన చోట మాత్రము కుళ్లినదంతా తీసివేయక తప్పదు.

అడుగు పగుళ్లకు మంచి కాలము వేట నిషేధ కాలమే. మన తూర్పు తీరములో ఇంజను బోట్లకు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు చేపల వేట నిషేధము. ఆ ఎండలో బోటు బాగా ఆరుతుంది. పగులు మీద రంగు పూయుట కాదు. గట్టి ఫైబరు తగిలేవరకు గీకి, చుట్టూ వెడల్పుగా ఏటవాలుగా అరగదీసి, పొరమీద పొరగా మ్యాటు, రెసిను వేయవలెను. పాత పాలియెస్టరు ఫైబరు మీద ఎపాక్సీ గట్టిగా పట్టును. ఎపాక్సీ మీద పాలియెస్టరు సరిగా పట్టదు. ఎండ వేడికి రెసిను త్వరగా గడ్డకట్టును గనుక ఉదయమే కొద్దికొద్దిగా కలపండి. అరగదీసేటప్పుడు ముక్కుకు మాస్కు, కంటికి అద్దాలు తప్పనిసరి. దగ్గర బీడీ, నిప్పు ఉండరాదు. పిల్లలను దూరముగా ఉంచండి.

ఇప్పుడు పంపు సంగతి. నీరు చేరగానే తనంతట తానే తిరిగేలా తేలే స్విచ్చు పెట్టించండి. బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు ఉండవలెను. పంపు గొట్టము నోరు నీటి మట్టమునకు బాగా పైన ఉండవలెను. లేకపోతే బయటి నీరు దాని గుండానే వెనుకకు రావచ్చును. గదిలో మీ కంటికి ఎదురుగా, పంపు తిరిగినప్పుడు వెలిగే ఒక చిన్న ఎఱ్ఱదీపము పెట్టించండి. చేతిపంపు, బకెట్టు, మనిషికొక లైఫ్ జాకెట్టు కూడ బోటులో ఉండవలెను.

ఆ ఎఱ్ఱదీపము ఎందుకని అడుగుదురేమో. దానంతట అది తోడే పంపు చేసే మేలు ఎంతో, దాచే కీడు అంత. అది నిశ్శబ్దముగా తోడుతుంటే యజమాని బోటు బాగున్నదనుకొంటాడు. లోపల పగులు పెరుగుతూనే ఉంటుంది. ఒక రాత్రి బ్యాటరీ అయిపోవును. ఆ రాత్రి పగులు క్రొత్తగా పుట్టలేదు. దాచిపెట్టిన చేయి అలసిపోయినది.

ప్రియులారా, మన ఇండ్లలో ఇటువంటి పంపులు ఎన్ని ఉన్నవో ఆలోచించండి. భర్త త్రాగుడుకో, జూదమునకో చేసిన అప్పుకు భార్య డ్వాక్రా సంఘములో తెచ్చిన డబ్బు కట్టును. మెడలోని గొలుసు తాకట్టు పెట్టును. కుమార్తె చదువు మాని కూలికి పోవును. ఆదివారము అందరు శుభ్రమైన బట్టలు కట్టుకొని గుడికి వస్తారు. కాపరులమైన మేము కూడ ఆ కుటుంబము చక్కగా ఉన్నదని చెప్పుకొంటాము. రంగు బాగున్నది, అడుగున ఒక తల్లి రాత్రింబగళ్లు తోడుచున్నది. ఆమె ఓర్పును మెచ్చుకొంటూ పగులును అలాగే వదలివేయుట ప్రేమ కాదు.

యెహెజ్కేలు చెప్పిన ఆ ఓడ చివరకు ఏమైనది? నిండా సరుకు ఎక్కించుకొని నడిసముద్రములో బ్రద్దలైనది. మునిగినవారి వరుసలో పగుళ్లు బాగుచేసేవారు కూడ ఉన్నారు. ఇంటి భారమంతా మోసేవారు ఇంటితో పాటే మునుగుదురు. కాబట్టి వారు అలసిపోక ముందే అడుగులోనికి దీపము పట్టుకొని దిగవలెను. అప్పు ఎంతో కాగితము మీద వ్రాయండి. ఎక్కడ మొదలైనదో పెద్దల ఎదుట ఒప్పుకొనండి. మొదట క్రొత్త అప్పు మానండి, తరువాత పాతది తీర్చే దారి చూడండి. త్రాగుడు మానుటకు వైద్యుని సహాయము కావలసివస్తే తీసికొనండి. అది విశ్వాసము లేకపోవుట కాదు. నీరు ఆగవలెనని ప్రార్థించినవాడు ముగ్గుపిండి చల్లి వెదకుట ఎట్లు తప్పు కాదో, ఇదియు అంతే.

కుటుంబ ప్రార్థనలో ఈ నెల అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము చదవండి. మంచిరేవులలో పౌలు ముందుగానే హెచ్చరించాడు. శతాధిపతి నావికుని మాట, ఓడ యజమానుని మాట నమ్మాడు. తరువాత ఓడను త్రాళ్లతో చుట్టి కట్టారు, సరుకులు పారవేశారు. దేవుని కృపచేత 276 మంది బ్రదికారు గాని ఓడ దక్కలేదు. రేవులో ఉన్నప్పుడే విన్న మాట విలువ అంతటిది.

చదివిన తరువాత ఇంటి యజమానుడు తన భార్యను, పిల్లలను ఒక్క ప్రశ్న అడుగవలెను: "నాకు చెప్పకుండా మీరు తోడుతున్నది ఏమైనా ఉన్నదా?" జవాబు వచ్చువరకు కోపపడక కూర్చుండవలెను. ఆలాగున కూర్చుండుటకు ప్రభువు మీకు కృప అనుగ్రహించును గాక. ఆమేన్.