పేరడీ పాట ఎవరి మీద?

ఏలికను వెక్కిరించడం ప్రజల హక్కు. ఏలిక కాగోరువాడే బలహీనుల మీద పాట అందుకుంటే, దాన్ని కూడా హాస్యమని సరిపెట్టుకోవలసిందేనా? అమెరికాలో అధ్యక్ష అభ్యర్థులను పార్టీలు ఎంచుకొనే ప్రైమరీ ఎన్నికల చరిత్ర ఈ ప్రశ్నను మన ముందుంచుతున్నది.

అక్కడ వ్యంగ్య గీతాలకు మంచి సంప్రదాయమే ఉన్నది. 1981లో సెనేటు కార్యాలయ సిబ్బంది కొందరు ‘క్యాపిటల్ స్టెప్స్’ అనే బృందాన్ని నెలకొల్పారు. ప్రసిద్ధ గీతాల బాణీలలో కొత్త మాటలు పొదిగి, ఆ బృందం దాదాపు నాలుగు దశాబ్దాలు నాయకులను ఆటపట్టించింది. షేక్ నాజర్ బుర్రకథలు విన్న జాతికి, కథకుని పక్కన నిలిచి దొరలకు చురకలంటించే హాస్యగాణ్ణి ఎరిగిన జాతికి, ఈ విద్య కొత్త కాదు. ఇందులో తప్పుపట్టవలసినదీ లేదు.

తప్పు మరొకచోట ఉన్నది. 2007 ఏప్రిల్‌లో రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోరుతున్న జాన్ మెకెయిన్, దక్షిణ కరోలినా సభలో ఇరాన్ గురించి అడిగిన ప్రశ్నకు జవాబుగా ‘బార్బరా ఆన్’ అనే పాత పాట బాణీలో ఆ దేశంపై బాంబులు వేద్దామని కూనిరాగం తీశారు. సభ నవ్వింది. విమర్శించినవారిని తేలికగా తీసుకొమ్మన్నారు. బాంబు పడే ఇంటివారు దాన్ని ఎంత తేలికగా తీసుకోగలరు?

2016లో డొనాల్డ్ ట్రంప్ మరొక అడుగు ముందుకు వేశారు. ఆదరించిన స్త్రీనే కాటువేసిన పాము కథ చెప్పే పాటను సభలలో చదివి, ఆ పాము సిరియా శరణార్థులేనని సూచించారు. ఆ పాట రాసిన ఆస్కార్ బ్రౌన్ జూనియర్ పౌరహక్కుల కోసం నిలబడిన నల్లజాతి కళాకారుడు. ఆయన కుమార్తెలు అభ్యంతరం చెప్పినా పఠనం ఆగలేదు.

వ్యంగ్యకారులకూ ఒక మాట చెప్పాలి. అభ్యర్థి జుట్టును, యాసను ఎగతాళి చేయడం సులువు. దానివల్ల అతని ప్రచారమే పెరుగుతుంది. 2015 సెప్టెంబరులో బెన్ కార్సన్ అనే అభ్యర్థి, ముస్లిం దేశాధ్యక్షుడు కావడాన్ని తాను సమర్థించనన్నారు. ప్రభుత్వ పదవికి మతపరీక్ష కూడదని అమెరికా రాజ్యాంగం ఆరవ అధికరణం స్పష్టంగా చెబుతున్నది. ఆ రాజ్యాంగాన్ని కాపాడతానని ప్రమాణం చేయవలసిన పదవికి పోటీపడుతూ దాని మాటనే కాదనడం కంటె గొప్ప హాస్యవస్తువు ఏముంటుంది? పాట కట్టవలసింది అక్కడ.

ఇది దూరదేశపు వినోదమని మనం ఊరుకోలేము. హైదరాబాదు నుండి వెళ్లి చికాగోలో స్థిరపడిన మన కుటుంబాలెన్నో ఉన్నాయి. ఆ పాము పాట వారి ఇరుగుపొరుగు కూడా విన్నారు. ముస్లింలకు హాస్యం గిట్టదనే నింద మనకు పాతదే. మనం నవ్వును నిషేధించమని కోరడం లేదు. అది బలవంతుని వైపు తిరగాలని మాత్రమే కోరుతున్నాము. ఇతరులు తిప్పకపోతే, బాణీలు అందరివీ. మాటలు కట్టగల యువత మన ఇళ్లలోనూ ఉన్నది.