తప్పెట మూగవోయిన వీధిలో డీజే

యువకులు పదుగురు కూడి గంతులు వైచినంతమాత్రమున దేశము చెడదు. గంతులు వైచుటకైనను పదుగురు కూడు తావు లేనిచో మాత్రము ఊరు తప్పక చెడును. ఈ రెండు మాటలను మనస్సున నుంచుకొని, నేడు డోను పట్టణమునను చుట్టుపట్ల పల్లెలందును పెండ్లి ఊరేగింపులకును వినాయక నిమజ్జనములకును వెంట నడచుచున్న డీజే వాద్యమును గూర్చి విచారింపవలసియున్నది.

దానిని దూషించుట సులభము. బండిపై గోడవలె పేర్చిన స్పీకరు పెట్టెలు మ్రోగినప్పుడు కిటికీ రెక్కలు వణకును. ఉయ్యెలలోని బిడ్డ ఉలికిపడును. గుండెజబ్బు గల వృద్ధుడు చెవులు మూసికొనును. ఇదంతయు నిజమే. కాని ఆ బండి ముందు ఆడుచున్న యువకుని ముఖమును గూడ ఒకమారు చూడవలదా? గనిలో రాయి కొట్టినవాడో, నాపరాతి పాలిషు కడ దుమ్ము మ్రింగినవాడో, హైదరాబాదులోనో బెంగుళూరులోనో కూలి చేసి పండుగకు డోను జంక్షనులో రైలు దిగినవాడో ఆతడు. వాన తప్పిన యేడు ఊరు విడుచుట ఈ సీమకు క్రొత్త కాదు. నలుగురి భుజములు తన భుజమునకు తగులు ఆ గంటసేపే తానును ఈ ఊరివాడనను ధైర్యము ఆతనికి కలుగుచున్నది. ఈ ఆకలి నెరుగక చేయు నింద వ్యర్థము.

యంత్రసంగీతము పెరిగినదియు నిట్టి ఆకలినుండియే. అమెరికాలోని చికాగో నగరమున 1977లో తెరువబడిన ‘వేర్‌హౌస్’ అను నృత్యశాలలో ఫ్రాంకీ నకుల్స్ రికార్డులను కలిపి వినిపించుచుండెను. అచట చేరినవారిలో పెక్కురు నల్లజాతివారు, స్వలింగ ప్రేమికులు. అనగా అన్యత్ర తలయెత్తి తిరుగనీయబడనివారు. ‘హౌస్’ సంగీతమను పేరు ఆ శాలనుండియే వచ్చెనందురు. 1989లో బెర్లిను గోడ కూలిన పిమ్మట తూర్పు పడమరల యువకులు పాడుబడిన కట్టడములలో ఇట్టి తాళమునకే కలిసి ఆడిరి. ఇది మనకు పూర్తిగా పరాయిదియు గాదు. 1982లోనే బొంబాయి వాద్యకారుడు చరణ్‌జిత్ సింగ్ జపాను యంత్రములపై పది రాగములు పలికించి రికార్డు వెలువరించెను.

ప్రభుత్వములు దీనిని రెండు విధముల చూచినవి. బ్రిటను 1994లో చట్టము చేసి, ఆరుబయట రాత్రివేళ ఈ సంగీతమునకై కూడినవారిని చెదరగొట్టు అధికారమును పోలీసులకిచ్చెను. జర్మనీ 2024లో బెర్లిను టెక్నోను తన అమూర్త సాంస్కృతిక వారసత్వపు పట్టికలో చేర్చెను. ఆ యేటనే అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపులలో డీజేలను నిషేధించిరి. నిషేధము చప్పుడు నాపగలదు; ఆకలిని తీర్పజాలదు.

మరి మన సీమలో ఆ ఆకలిని పూర్వమేది తీర్చినది? చెక్కభజన, కోలాటము, పీర్ల పండుగ. చెక్కభజనలో గురువు అడుగులు నేర్పును. ఒక్కడు తప్పినచో వరుస యంతయు తప్పును. కావున అందు ప్రతివాడును కావలసినవాడే. పీర్ల గుండము చుట్టు హిందువులును ముస్లిములును కలిసి అడుగువేయుట ఈ జిల్లాల కెరుకయే. డీజే ముందు పదిమంది తగ్గినను పాట ఆగదు. బాడుగ బండి తెల్లవారకమున్నే వెడలిపోవును. దానితోడ ఆ బంధమును వెడలిపోవును. పైగా ఒక వీధివారు నాలుగు పెట్టెలు తెచ్చిన, పై వీధివారు ఎనిమిది తెత్తురు. కలుపవలసినది పోటీయై విడదీయుచున్నది.

అట్లని పాతకాలమంతయు బంగారమని మేము చెప్పము. తప్పెట కొట్టినవానిని ఊరేగింపు ముందు నడిపించి, పంక్తిభోజనమునకు వెలుపల నిలిపిన ఊళ్లు మనవి. ఆ తప్పెట మరల మ్రోగవలెను. ఆ అవమానము మాత్రము మరల రాగూడదు.

కర్తవ్యము స్పష్టము. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 వరకు బహిరంగ ప్రదేశములందు ధ్వనివర్ధకములు కూడదని 2000 సంవత్సరపు నిబంధనలు చెప్పుచున్నవి. ఇండ్లనడుమ పగటి హద్దు 55 డెసిబెల్లులు. నృత్యశాలలలో సైతము 15 నిమిషముల సగటు 100 డెసిబెల్లులు మించరాదని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. ఈ హద్దులను పోలీసులు గాక ఉత్సవ సంఘములే పాటించిన గౌరవము. ఒక్క పెట్టె తగ్గించి, ఆ సొమ్ముతో తప్పెట మేళమును పిలిచి, న్యాయమైన కూలియిచ్చి, సరిపంక్తిని భోజనము పెట్టవలెను. పాఠశాల ఆవరణములందు సాయంకాలములు చెక్కభజన నేర్పవలెను. యంత్రము తెలిసిన యువకులు ఆ తప్పెట దరువునే తమ యంత్రములో కలుపుకొన్నచో మరియు మేలు.

యువకుని ఆడనిండు. కాని ఆతడు రాకపోయిన ఆట నిలిచిపోవునట్టి చోటు నొకదానిని ఊరు ఆతనికి చూపవలెను. వృద్ధులను తలుపుల వెనుకకు తరుము ఆట ఊరి ఆట కానేరదు.