కష్టకాలమున కీర్తన

సోదరీమణులారా! ఈ మాసమున మేము వ్రాయబూనినది మా యింటి దుఃఖముతో ముడివడిన విషయము. నిరుడు శ్రావణమున మా కడగొట్టు బిడ్డ విషజ్వరముచే మమ్ము విడిచిపోయెను. ఓదార్ప వచ్చిన పెద్దలు, "దేవుడు ప్రేమించినవారినే శోధించునమ్మా, ఇదియు నీ మేలునకే" యనిరి. సదుద్దేశముతో బలికిన మాటయే యైనను, అది మా చెవులకు శూలమువలె దోచెను.

తరువాతి ఆదివారము ఆలయమున పురుషోత్తమ చౌదరిగారి కీర్తన పాడుచుండగా మాకు గొంతు పెగలలేదు. ప్రక్కనున్న వృద్ధురాలు, జీడిపిక్కలు కొట్టి పొట్టపోసికొను నామె, మా చేయి పట్టుకొని, "మాస్టరమ్మగారూ, మీ వంతు నేను పాడతానమ్మా" యనెను. అట్లే పాడెను.

ఆ చౌదరిగారు 1803లో పర్లాకిమిడి ప్రాంతమున బ్రాహ్మణ కుటుంబమున జన్మించి, 1833లో కటకమున బాప్తిస్మము పొందిరి. ఆ దినములలో మతము మారుట యనగా బంధువులను, పంక్తిభోజనమును, పితృకర్మలను ఒక్కసారిగా కోలుపోవుటయే. అట్టి యిండ్లలోని స్త్రీల వేదన మనకు ఊహింపరానిది కాదు. పిదప వారు మన శ్రీకాకుళపు సీమలోను బోధించుచు, రాగతాళయుక్తముగా కీర్తనలు రచించి, 1890లో ప్రభువు సన్నిధి జేరిరి. ఆ కీర్తనలలో గెలిచితినను గర్వము లేదు, శరణాగతియే కలదు. కావుననే దుఃఖితులకు నేటికిని అవి నోటికి వచ్చుచున్నవి.

మేము బాల్యమున తండ్రిగారియొద్ద భాగవతము చదివితిమి. ఆపదలందే కృష్ణదర్శనము కలుగుచున్నది గనుక ఆపదలే రానిమ్మని కుంతీదేవి వేడుకొనెను. శ్రమవలన ఓర్పును, ఓర్పువలన నిరీక్షణయు గలుగునని పౌలు భక్తుడు రోమీయులకు బోధించెను. ఇరువురును తాము పడిన కష్టమును గూర్చి పలికిరే గాని, పరుల గుమ్మమున నిలిచి పలుకలేదు. ఈ భేదమును మనము మరువరాదు.

కష్టము దానంతట నెవ్వరిని పరిపక్వము చేయదు. 2018 అక్టోబరున తిత్లీ తుపాను వచ్చి ఉద్దానపు కొబ్బరిచెట్లు, జీడిచెట్లు కూలుట మనమెరిగినదే. ఏటి వరద యొక చేనికి ఒండ్రునిచ్చును, వేరొక చేనికి ఇసుకమేట వేయును. ఆ మేటను పదిమంది తట్టలతో నెత్తిపోసినగాని చేను మరల పండదు. దుఃఖమును నట్టిదే. మా మేటపై మొదటి తట్ట నెత్తినది ఆ వృద్ధురాలు.

కావున సోదరీమణులారా, దుఃఖించు నింటికి పోవునపుడు ఉపదేశమును వాకిట విడిచి, గంజియో చారో చేతబట్టుకొని పొండు. ప్రశ్నింపక కూర్చుండుడు. ఆమె ప్రార్థింపలేనిచో ఆమె వంతు మీరు ప్రార్థింపుడు. దుఃఖములో నున్నవారు మౌనముగా నుండుటకు వెరవకుడు. ఆ మౌనమును దేవుడు తప్పుపట్టడు.

మా బిడ్డ లోటు తీరలేదు, తీరదు. అయినను మొన్న పొరుగింటి పసివానికి జ్వరము తగిలినపుడు, మేము పిలువకయే పోయి రాత్రియంతయు తడిగుడ్డ వేసితిమి. మునుపటివలె నీతులు చెప్పలేదు. ఎదుగుదల యన్నచో నింతియే కాబోలు. గత ఆదివారము మేమును కీర్తన పాడితిమి, రెండవ చరణము వరకు.