బియ్యం బస్తా తర్వాత, ముందు కాలమ్‌లో రాసే మాట చూడండి

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం పెద్దయ్యాక నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి, విషయం మాత్రం చివరిదాకా చదవండి.

గోపాలపూర్ ఒడ్డున మన తెలుగు మత్స్యకారుల (ఒడియావాళ్ళు నోళియాలంటారే, వాళ్ళ) తాటాకిల్లు కాలితే మనం ఏం చేస్తాం? బియ్యం, చీరలు, దుప్పట్లు పట్టుకెళ్తాం. ఫోటో దిగి బరంపురం వచ్చేస్తాం. మంచి పనే. కానీ ఇల్లు లేచేది బియ్యంతో కాదండీ.

2022–26 విపత్తు సహాయ నిధి లెక్క చూడండి. తుపానుతో పాటు అగ్నిప్రమాదం కూడా ఆ జాబితాలో ఉంది. మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే, పక్కాదైనా కచ్చాదైనా, 1,20,000 రూపాయలు. అదే "గుడిసె" అని రాస్తే 8,000. "కచ్చా ఇల్లు, కొంత దెబ్బతింది" అని రాస్తే 4,000. కప్పు కాలి మట్టిగోడలు మిగిలిన ఇల్లు ఒక్కటే, రాసే మాటను బట్టి ధరలు మూడు!

రైల్వే గుమస్తాగా చేసినవాణ్ణి, మాట విలువ నాకు తెలుసు. సరుకు రసీదు మీద "ప్యాకింగ్ లోపం" అని పడితే, తర్వాత నష్టపరిహారం అడగడం ఎంత కష్టమో చూశాను. రాసేటప్పుడే పక్కన నిలబడి "ఎందుకలా రాస్తున్నారు?" అని అడగాలి.

"వాళ్ళే అడగొచ్చుగా" అంటారు కొందరు పెద్దలు. ఆధార్, పాస్‌బుక్కు కాలిపోయి, ఒడియా చదవలేని మనిషి ఆర్.ఐ.తో వాదించగలడా? "అనుమతి లేని చోట కట్టారు" అంటారు ఇంకొందరు. అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలని నిబంధనలోనే ఉంది, నిజమే. అందుకే ఉన్న కాగితాల నకళ్ళు ఇల్లు కాలకముందే సంఘం బీరువాలో ఉండాలి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ ఇక్కడే తీరం దాటింది. తర్వాత ప్రపంచ బ్యాంకు అప్పుతో తీరం వెంట పక్కా ఇళ్ళు కట్టించారు. ఊళ్ళకు ఊళ్ళు పోతే ప్రపంచం చూస్తుంది. పొయ్యి నిప్పుకి ఒక్క ఇల్లు పోతే చూడాల్సింది మనమే.

నా ప్రతిపాదన ఇది. ఇకమీదట బియ్యం బండి కంటే ముందు ఒడియా రాయగల ఇద్దరు వెళ్ళాలి. బూడిద ఊడ్చకముందే పగిలిన గోడలతో సహా ఫోటోలు తీయాలి. విచారణ రోజు ఇంటివాళ్ళ పక్కన నిలబడాలి. వలలు, పడవ కాలితే విడిగా రాయించాలి.

వద్దనేవాళ్ళు కారణం కింద రాయండి. లైకు కొట్టి వెళ్ళిపోకండి.