తమ్ముడి లాప్‌టాప్

ఒకప్పుడు ఆడపిల్లకు ఉద్యోగం కావాలంటే టైపు లోయరు, హయ్యరు పాసవమనేవారు. ఆ ఇన్‌స్టిట్యూట్లు ఎంత ఇరుకైనా, ఫీజు కట్టిన పిల్లను మిషను ముందు కూర్చోబెట్టేవి. నోటుబుక్కులో టైపు నేర్చుకోమన్న మహానుభావుడెవరూ లేడు.

ఇప్పుడు ఉన్నారండీ, మన ఇళ్లల్లోనే! మా ఆలేరులో డిగ్రీ పాసైన ఒకమ్మాయికి సికిందరాబాదులో ఇంటర్వ్యూ ఉంది. ఎక్సెల్‌లో పరీక్ష పెడతారట. పిల్ల నోట్సు ముందేసుకుని ఎక్కాల్లా బట్టీ పడుతోంది. ఇంట్లో లాప్‌టాప్ లేక కాదు, అది తమ్ముడిది. "వాడు ఇంజనీరింగు చదువుతుండు గదక్కా! దీనికి నోట్సు ఉన్నయి గద" అంది వాళ్లమ్మ.

నోట్సుతో వచ్చే విద్యా అది? రాసి చెరిపే బాధ పడలేకే అది పుట్టింది. 1978లో హార్వర్డులో డాన్ బ్రిక్లిన్ అనే విద్యార్థి, మేష్టారు బోర్డు మీద వేసిన పట్టిక చూశాడు. ఒక్క అంకె మారితే దాని మీద ఆధారపడ్డవన్నీ చెరిపి మళ్లీ రాయాలి. అవి వాటంతటవే మారితే ఎంత బాగుండు అనుకుని, 1979లో బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి విజికాల్క్ తెచ్చాడు. ఎక్సెల్ ఆ తరువాతి సంతానం. అంకె కదిలితే పట్టికంతా కదలడమే దాని ప్రాణం. నోటుబుక్కులో ఏం కదులుతుంది? ఆ పిల్లను మళ్లీ బోర్డు దగ్గరికే తోలుతున్నాం.

వీలుకప్ సూత్రం గడగడా అప్పజెప్పింది. చివర ఫాల్స్ ఎందుకే అంటే తెల్లమొహం వేసింది. అది రాయకపోతే అచ్చంగా ఆ పేరే వెతకదు, దగ్గరిదనుకున్నదేదో తెచ్చిపెడుతుంది. ఒకరి జీతం మరొకరి పేరు పక్కన చేరుతుంది, తప్పని ఒక్క మాట అనదు. (అలాంటి చుట్టాలు మనకూ లేకపోలేదు.) ఆ మోసం కళ్లారా చూసిన పిల్లకు బట్టీ అక్కర్లేదు.

ఖర్చంటారా? లిబ్రాఫీస్ కాల్క్ ఊరికే దొరుకుతుంది. లెక్కలెక్కడివంటారా? మహిళా సంఘం పొదుపు పుస్తకం పైసా తేడా రాకుండా రాసేది మనమే కదా! అది ఎక్కించమనండి. ఎవరెంత కట్టారో, ఎవరు బాకీయో తేల్చమనండి. కావాలనే రెండు పేర్లు రెండేసిసార్లు రాసిచ్చి, ఏరి తీసెయ్యమనండి. చాలా పరీక్షల్లో ఇచ్చేదీ ఇలాంటి గజిబిజి పట్టికే.

కొడుకు చదువు పాడవుతుందని భయపడే తల్లులు, రాత్రి తొమ్మిదింటికి ఓసారి అతగాడి వెనక నిలబడి ఆ ఇంజనీరింగేమిటో చూడండి. క్రికెట్టు ఫోన్‌లోనూ కనిపిస్తుంది. ఆ గంట లాప్‌టాప్ అక్కకివ్వండి.